బంతి లేని పిల్లను కూడా చూడండి

మిరపకాయలు కోసిన చేతులతో హాకీ స్టిక్కు పట్టుకుంటే ఏమవుతుందో 2022 ఫిబ్రవరి దాకా నాకు తెలియదు. పల్నాడులోనే పుట్టాను, మిరప చేల మధ్యే పెరిగాను, అయినా తెలియదు. ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పట్టుమని పది నిమిషాలు ఆడకుండానే స్టిక్కు కింద పడేసి, అరచేతులు ప్యాంటుకు రుద్దుకుంటూ నిలబడింది. కోతకు పోయినప్పుడు వేళ్ళ సందుల్లోకి దిగిన ఘాటు ఎంత కడిగినా వదలదు. చెమట పట్టేకొద్దీ మంట ఎక్కువవుతుంది. ఆ సంగతి ఆ పిల్ల చెప్పలేదు, నేను అడగలేదు. అంతకు ముందు వరసగా నాలుగు రోజులు ప్రాక్టీసుకు రాలేదన్నది ఒక్కటే నా తలలో ఉంది. "మూడు రోజులు రాకపోతే జట్టులో పేరు ఉండదు" అని స్టోరు గది తలుపు మీద సుద్దముక్కతో రాసింది నేనే. పేరు కొట్టేశాను.

జట్టు మొత్తంలో బంతి మాట వినేది ఆ పిల్ల ఒక్కదాని దగ్గరే.

గురజాల వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఇరవై ఏళ్ళకు పైగా పిల్లల్ని ఆడిస్తున్నాను. మా వైపు కబడ్డీకి, వాలీబాల్‌కి ఉన్న ఆదరణ హాకీకి లేదు. అయినా మా బడిలో ఆడపిల్లల హాకీ జట్టు ఒకటి ఉండేది. కరోనా వల్ల బడులు సరిగ్గా నడవని ఏడాదిన్నరలో అది చెదిరిపోయింది. పెద్ద పిల్లలు కొందరు ఇంటర్‌కు నరసరావుపేట వెళ్ళిపోయారు. ఇద్దరికి పెళ్ళిళ్ళు చేసేశారు. 2021 ఆగస్టు 16న బడులు తెరిచేసరికి నా దగ్గర పాత జట్టు పిల్లలు నలుగురు మిగిలారు, పనికొచ్చే స్టిక్కులు పదకొండు.

అయితే ఆ ఆగస్టు మామూలు ఆగస్టు కాదు. సరిగ్గా పది రోజుల ముందు టోక్యో ఒలింపిక్స్‌లో మన అమ్మాయిల హాకీ జట్టు కాంస్య పతకం మ్యాచ్‌లో బ్రిటన్ మీద 3-4తో ఓడి, కన్నీళ్ళతో మైదానంలో కూలబడింది. ఫోన్లలో ఆ మ్యాచ్ చూసిన పిల్లలు బడి తెరిచిన మొదటి రోజే "మేడం, మాకూ నేర్పండి" అని వచ్చారు. గెలిచిన జట్టును చూసి రాలేదు వాళ్ళు, ఓడి ఏడ్చిన జట్టును చూసి వచ్చారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

జట్టును మళ్ళీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చినప్పుడు సలహాలకు కొదవ ఉండదు. పెద్దలు చాలామంది చెప్పేది ఒకటే: "ముందు దారిలో పెట్టమ్మా, ఆట దానంతటదే వస్తుంది." టైముకు రావాలి, వరసలో నిలబడాలి, ఎదురు చెప్పకూడదు, తప్పు చేస్తే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. ఒకప్పుడు ఆడిన వాళ్ళు దీనికి పూర్తిగా తిరగేసి చెబుతారు: "ఆడే పిల్లను ఏమీ అనకండి, ఆ చేతి వాటం దేవుడిచ్చింది, అడ్డం పడితే పోతుంది." మొదటి ఏడాది నేను మొదటి సలహా విన్నాను. మంచి పిల్ల ఒకతి బయటికి పోయింది. ఆ పిల్లను వెనక్కి తెచ్చుకున్నాక కొన్ని నెలలు రెండో సలహా విన్నాను. మిగతా పదిమంది ఆడటం మానేసి ఆమె వైపు చూస్తూ నిలబడటం మొదలుపెట్టారు. బంతి ఆమె దగ్గరికి వెళ్ళిందంటే తిరిగి రాదని వాళ్ళకు తెలుసు. రాని బంతి కోసం ఎవరు పరిగెత్తుతారు?

ఆ పిల్ల స్వార్థంతో బంతిని వదలడం లేదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అసలు కారణం మా నేల. హాకీ మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు ఉండాలి. మాకున్నది అందులో సగానికి కాస్త ఎక్కువ. ఒక మూల నల్లరేగడి, మిగతాదంతా మొరం. వాన పడితే ఒక వైపు బంతి దిగబడుతుంది, ఎండకాస్తే రెండో వైపు గులకరాయి తగిలి మోకాలి ఎత్తు ఎగురుతుంది. అలాంటి చోట పదిహేను గజాల పాస్ ఇస్తే అది చేరాల్సిన మనిషికి చేరుతుందన్న నమ్మకం ఎవరికి ఉంటుంది? తెలివైన పిల్ల ఏం చేస్తుంది? బంతిని స్టిక్కుకు అంటిపెట్టుకుని తనే తీసుకుపోతుంది. దాన్నే మనం మొండితనం అంటున్నాం. మట్టి నేల నేర్పిన పాఠం అది. బాగా నేర్చుకుంది, అంతే.

దేశం మొత్తానికీ ఒకప్పుడు జరిగింది ఇదే. 1928 నుంచి 1972 దాకా ఆడిన ప్రతి ఒలింపిక్స్ నుంచీ హాకీలో పతకంతో తిరిగొచ్చిన మనవాళ్ళు, 1976లో మాంట్రియల్‌లో మొదటిసారి ఒలింపిక్ హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించినప్పుడు ఏడో స్థానంలో నిలిచారు. చదునైన టర్ఫ్ మీద బంతి గీత గీసినట్టు పోతుంది. మనిషి పరుగుకన్నా పాస్ ఎప్పుడూ వేగమే. మణికట్టు పనితనంతో ముగ్గురిని దాటించే ఆటకు, ముగ్గురు కలిసి మూడు పాస్‌లతో దాటించే ఆట ఎదురుపడింది. పతనానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, వాటిలోకి వెళ్ళను. ఒక్క మాట మాత్రం గట్టిగా అంటాను. పాస్ ఇవ్వడాన్ని మనం బుద్ధికి, నడవడికకు సంబంధించిన విషయంగా చూస్తాం. అందులో సగం నేలకు సంబంధించిన విషయం. రాళ్ళ నేల మీద ఆడించి, "నీకు జట్టు భావం లేదు" అని పిల్లను తిట్టడం అన్యాయం.

అందుకని నేను మొదట చేసిన పని క్రమశిక్షణా కాదు, నైపుణ్యమూ కాదు. గ్రౌండులో ఇరవై అయిదు గజాల ముక్క ఒకటి గీత గీసి, పిల్లలు, వాళ్ళ నాన్నలు, నేను కలిసి నాలుగు ఆదివారాలు రాళ్ళు ఏరాం. ఒక రైతు తన ట్రాక్టరు తెచ్చి చదును చేసిపెట్టాడు. ఆ ముక్కలో పాస్ ఇస్తే పాస్‌లా పోతుంది. పాస్ ఇవ్వని పిల్లను ఇప్పుడు అడగొచ్చు, ఎందుకివ్వలేదని.

ఇక ఆ మిరపకాయల పిల్ల సంగతి. పేరు కొట్టేసిన వారం తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. పిల్ల అరచేతులకు పెరుగు రాసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. వాళ్ళమ్మ ఒక్క మాటే అడిగింది: "కోతల రోజుల్లో ఇద్దరం పోతేనే గడిచేది. ఆ కూలి పోతే ఎవరిస్తారు మేడం?" నా దగ్గర జవాబు లేదు. జనవరి నుంచి మార్చి దాటేదాకా మా మండలాల్లో మిరప కోతలు, అంతకు ముందు పత్తి తీతలు. బడిలో హాజరు పట్టీ చూసినా తెలిసిపోతుంది. నేను రాసిన మూడు రోజుల నియమం సోమరితనాన్ని శిక్షిస్తుందనుకున్నాను. అది శిక్షించింది ఎవరికి భూమి లేదో వాళ్ళను. భూమి ఉన్న ఇంటి పిల్ల రోజూ వచ్చేది, ఆట రాకపోయినా పేరు పట్టీలో నిలిచింది.

తలుపు మీద రాత తుడిచేశాను. ఇప్పుడు మా నియమం ఇది: మానేయడం తప్పు కాదు, చెప్పకుండా మానేయడం తప్పు. కోతకు పోతున్నానని ముందు రోజు ఎవరితోనైనా కబురు పంపితే చాలు. ఆ పిల్ల స్థానంలో ఎవరు ఆడాలో జట్టే కూర్చుని తేల్చుకుంటుంది. కబురు లేకుండా మానేస్తే కెప్టెన్ అయినా తర్వాతి మ్యాచ్‌లో గీత బయట కూర్చోవాల్సిందే. ఇది మెత్తని నియమం అని నా తోటి ఉపాధ్యాయులు కొందరు అన్నారు. నిజానికి పాతదానికన్నా ఇదే గట్టిది. హాజరుకు భయం చాలు. కబురు పంపాలంటే మిగతావాళ్ళు తన కోసం ఎదురు చూస్తుంటారన్న స్పృహ ఉండాలి.

పది రౌండ్ల శిక్ష కూడా మానేశాను. పరుగు ఈ ఆటకు ప్రాణం. ఆ పరుగునే శిక్షగా చేస్తే, మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో వెనక్కి పరిగెత్తాల్సిన పిల్లకు అది దండనలాగే అనిపిస్తుంది. బదులుగా ఒక్క అలవాటు పెట్టాను. బంతి మన చేతిలోంచి పోయిందంటే, పోగొట్టుకున్న పిల్లతో సహా జట్టంతా పైకి గట్టిగా "ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు" అని లెక్కపెట్టాలి. ఆ అయిదు అంకెలు అయ్యేలోపు ఎవరూ నిలబడి ఉండకూడదు. దగ్గరున్నవాళ్ళు బంతి మీదికి, దూరంగా ఉన్నవాళ్ళు మన గోలు వైపు. నేను పట్టుబట్టే క్రమశిక్షణ అంతా ఆ అయిదు అంకెల్లోనే. బంతి దొరికాక ఎదుటి గోలు ముందున్న 'డి' దగ్గర ఏం చేస్తారో నేను చెప్పను. తిప్పండి, దాటించండి, పోగొట్టండి. అక్కడ నా నోరు మూతే. ఎందుకంటే అక్కడ అరిస్తే, పిల్ల ఇంకెప్పుడూ కొత్తది ప్రయత్నించదు.

ఇది నా సొంత తెలివి అనుకోవద్దు. టోక్యోలో మన అమ్మాయిల జట్టు మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది: నెదర్లాండ్స్ మీద 1-5, జర్మనీ మీద 0-2, బ్రిటన్ మీద 1-4. అంతకు ముందు రియోలో 12 జట్లలో చివరి స్థానం. అలాంటి జట్టు నాలుగో మ్యాచ్‌లో ఐర్లాండ్‌ను 1-0తో, అయిదో మ్యాచ్‌లో దక్షిణాఫ్రికాను 4-3తో ఓడించింది. వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది ఆ మ్యాచ్‌లోనే. ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద గుర్జీత్ కౌర్ 22వ నిమిషంలో పెనాల్టీ కార్నర్ గోల్ కొట్టాక, మిగిలిన 38 నిమిషాలు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా నిలబడింది. కొట్టిన ఆ ఒక్క క్షణం నైపుణ్యం, నిలబడ్డ 38 నిమిషాలు క్రమశిక్షణ అని విడదీసి చెప్పడం తేలిక. కానీ ఆ మ్యాచ్ మళ్ళీ చూడండి. ఆస్ట్రేలియా మూకుమ్మడిగా మీదపడుతున్నప్పుడు స్టిక్కు నేలకు ఆనించి బంతిని శుభ్రంగా లాక్కోవడం ఎంత గొప్ప పనితనమో తెలుస్తుంది. అదే జట్టు 2024 జనవరిలో రాంచీలో జపాన్ మీద 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయింది. ఒకసారి కట్టిన జట్టు కట్టినట్టే ఉండదు, ఏటా మళ్ళీ కట్టాలి.

ఆ టోక్యో బృందంలో మన తెలుగమ్మాయి ఉందని మా పిల్లలకు చాలామందికి తెలియదు. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళిన ఏతిమార్పు రజని. గోల్‌కీపర్. గోల్‌లో మొదటి గోల్‌కీపర్ సవిత నిలబడితే రజని బయట ఎదురు చూడాలి. గోల్‌కీపర్‌కు మధ్యలో వచ్చి పది నిమిషాలు ఆడిపోయే అవకాశం కూడా పెద్దగా ఉండదు. ఏళ్ళ తరబడి రోజూ అదే కసరత్తు చేసి, అవకాశం వస్తుందో రాదో తెలియకుండా సిద్ధంగా ఉండటాన్ని ఏమనాలి? మా గోల్‌కీపర్ పిల్ల తనకన్నా పెద్ద సైజు ప్యాడ్లు తాళ్ళతో బిగించి కట్టుకుంటుంది. మొదట్లో ఏడ్చేది, ఎవరూ నిలబడనంటే తను నిలబడాల్సి వచ్చిందని. రజని కథ చెప్పాక అడగడం మొదలుపెట్టింది: "బంతి అటు వైపు ఉన్నప్పుడు నేనేం చేయాలి మేడం?" ఇరవై ఏళ్ళలో నన్ను ఏ పిల్లా అడగని ప్రశ్న అది.

మా వైపు పిల్లలకు పల్నాటి వీరుల కథలోని బాలచంద్రుడంటే ప్రాణం. కార్తీకంలో కారెంపూడి వీరుల ఉత్సవాలకు వెళ్ళొచ్చిన వారం రోజులూ ప్రతి ఒక్కతీ బాలచంద్రుడే, ఒంటరిగా దూసుకుపోవడమే. పెద్దలు సంధికి ఒప్పుకున్నా బాలుడు ఆగలేదని కదా కథ. ఆ వీరత్వం నాకూ ఇష్టమే. అయితే ఆ వారంలో నేను వాళ్ళకు చెప్పేది అదే ఉత్సవాల్లో తిన్న చాపకూడు గురించి. బ్రహ్మనాయుడు కులం అడక్కుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని చెప్పుకునే నేల మనది. ఆ నేల మీదే, మా జట్టులోనే, మొదటి నెలలో ఇద్దరు పిల్లలు వేరే సీసాలో నీళ్ళు తెచ్చుకుని పక్కకు వెళ్ళి తాగేవాళ్ళు. ఎందుకో నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. పక్కనే రెంటచింతల. ఎండాకాలం రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ వేడి ఎక్కడంటే మొదట వినపడే పేరు. ఆ ఎండలో నీళ్ళ కోసం ఆట ఆపక తప్పదు. ఒక బిందె పెట్టించాను, ఒకటే గ్లాసు. కెప్టెన్ అందరికీ పోసి చివర తాను తాగాలి. రెండు ఇళ్ళ నుంచి పెద్దలు వచ్చి మాట్లాడారు. నేనూ మాట్లాడాను. ఒక పిల్ల మానేసింది, రెండు నెలలకు తిరిగొచ్చింది. ఒకరు తాగిన గ్లాసు తాకని పిల్ల ఆ ఒకరి పాస్‌ను నమ్మదు. నా గ్రౌండులో నేను చూసింది ఇదే. నన్నెవరైనా జట్టు క్రమశిక్షణ ఎక్కడ మొదలైందని అడిగితే ఆ బిందెను చూపిస్తాను.

కోపం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మంచి పిల్లలకే కోపం ఎక్కువ. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ పురుషుల హాకీ క్వార్టర్ ఫైనల్ నేను పిల్లలతో కలిసి చూశాను. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ స్టిక్కు బ్రిటన్ ఆటగాడి ముఖానికి తగిలి రెడ్ కార్డ్ వచ్చింది. కావాలని చేశాడా లేదా అని నేటికీ వాదించేవాళ్ళు ఉన్నారు. మిగిలిన 43 నిమిషాలూ పదిమందే. ఆ పదిమందే 22వ నిమిషంలో హర్మన్‌ప్రీత్ సింగ్ పెనాల్టీ కార్నర్‌తో ముందుకు వెళ్ళారు. తర్వాత స్కోరు 1-1 అయినా చివరిదాకా నిలబడ్డారు, షూటౌట్‌లో గోల్‌కీపర్ శ్రీజేశ్ అడ్డం నిలిచి 4-2తో గెలిపించాడు. పిల్లలు గంతులు వేశారు. కానీ రోహిదాస్‌పై ఒక మ్యాచ్ నిషేధం పడింది. సెమీస్‌లో జర్మనీ మీద అతను లేడు. ప్రత్యర్థి పెనాల్టీ కార్నర్ కొట్టేటప్పుడు గోలు గీత మీదనుంచి మొదట దూకి బంతికి ఎదురు వెళ్ళేది అతనే. ఆ మ్యాచ్ 2-3తో పోయింది, జర్మనీ గోల్స్‌లో ఒకటి పెనాల్టీ కార్నర్ మీదే వచ్చింది. అతను ఉంటే గెలిచేవాళ్ళని అనలేను. మా పిల్లలకు చెప్పింది ఇంతే: నీ పని నీకన్నా బాగా ఇంకెవరూ చేయలేనప్పుడు, నువ్వు గీత దాటితే జట్టు మొత్తం ఒక మెట్టు దిగుతుంది. ఎక్కువ ఆట వచ్చిన పిల్ల మీద ఎక్కువ బాధ్యత పడుతుంది. దానికి ఎక్కువ వెసులుబాటు ఇవ్వడం దానికి మేలు చేయడం కాదు.

మా మిరపకాయల పిల్లకు ఒకసారి గ్రీన్ కార్డ్ చూపించాను, పక్క మండలం బడితో ఆడిన స్నేహపూర్వక మ్యాచ్‌లో, అంపైర్‌ను నేనే. వెనక నుంచి కర్ర వేసింది. రెండు నిమిషాలు బయట కూర్చుంది. ఆ రెండు నిమిషాల్లో మేం ఒక గోల్ ఇచ్చాం. నేను ఆమెను ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళేటప్పుడు మిగతా పిల్లలకు "సారీ అక్కా, సారీ చెల్లీ" అనుకుంటూ వెళ్ళింది. నాకు చెప్పలేదు, చెప్పాల్సింది నాకు కాదు కూడా.

ఇదంతా ఈ పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, రాబోయే ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) ఎంపికల కోసం. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడిన దగ్గర్నుంచి మనకంటూ ఒక హాకీ జట్టు నిలబడాలని నాలాంటివాళ్ళం కొందరం ఆశపడుతున్నాం. కానీ ఎంపికలు జరిగే తీరు మారకపోతే ఆ జట్టు కాగితం మీదే ఉంటుంది. నేను చూసిన ఎంపికల్లో ఎక్కువగా జరిగేది ఇది: వివిధ బడుల పిల్లల్ని ఒకచోట చేర్చి, ఒకరి పేరు ఒకరికి తెలియకుండా ఇరవై నిమిషాలు ఆడిస్తారు. ఎంపిక చేసేవాళ్ళు గీత బయట నోటు పుస్తకంతో నిలబడతారు. ఎవరి దగ్గర బంతి ఉంటే వాళ్ళే కనపడతారు. ఈ సంగతి పిల్లలకు అర్థమవడానికి రెండు నిమిషాలు చాలు. ఏడాదంతా అయిదు అంకెలు లెక్కపెట్టించిన పిల్ల ఆ రోజు బంతి వదలదు. వదిలితే ఇంటికి పోవాలి. ఎంపికైతే వచ్చే సర్టిఫికెట్ విలువ ఎంతో వాళ్ళ నాన్నకు తెలుసు, కాలేజీ సీటు నుంచి ఉద్యోగం దాకా. సంవత్సరమంతా మేం కట్టింది ఆ ఇరవై నిమిషాల్లో కూలిపోతుంది. తప్పు పిల్లది అనడానికి నాకు నోరు రాదు.

ఎంపిక కమిటీల్లో కూర్చునే తోటి ఉపాధ్యాయులకు, జిల్లా క్రీడా అధికారులకు చేతులు జోడించి అడుగుతున్నాను. ఒక రోజుకు బదులు రెండు రోజులు పెట్టండి. మొదటి రోజు పిల్లల్ని కలిసి వండుకుని తిననివ్వండి, జట్లుగా విడదీసి, ఆ జట్లను మార్చకుండా రెండు మ్యాచ్‌లు ఆడించండి. చూసేవాళ్ళలో ఒకరు బంతి వైపు అసలు చూడకూడదని ముందే అనుకోండి. బంతి పోగొట్టుకున్నాక పిల్ల ఏం చేసిందో, అవతల వింగ్‌లో ఎవరూ చూడనప్పుడు ఎవరు వెనక్కి పరిగెత్తారో ఆయనే రాయాలి. రెండు పుస్తకాలూ పక్కన పెట్టుకుని పేర్లు రాయండి. పెనాల్టీ కార్నర్ ఒకటి తప్పకుండా పెట్టించండి. గీత నుంచి బంతి నెట్టే పిల్ల, ఆపే పిల్ల, కొట్టే పిల్ల, ముగ్గురూ ఒకరి చేతిని ఒకరు నమ్మాలి. ముగ్గురిలో ఎవరు గొప్ప అని అక్కడ తేల్చలేరు. తేల్చలేకపోవడమే మీకు కావలసింది.

ఇంకొకటి, ఖర్చు లేనిది. ఎంపికలు పెట్టే తేదీ కోతలకు, తీతలకు అడ్డం రాకుండా చూడండి. కుదరకపోతే కనీసం పది రోజుల ముందు చెప్పండి, పిల్లలు ఇంట్లో మాట్లాడుకుంటారు. కాకినాడలో టర్ఫ్ ఉంది, 2023లో జాతీయ సీనియర్ మహిళల పోటీలు అక్కడే జరిగాయి. అలాంటిది మనకు రేపే కట్టించమని అడగను. నియోజకవర్గానికి ఒక్క మైదానం, రాళ్ళు ఏరి, రోలర్ తిప్పి, పాస్ పాస్‌లా పోయేలా చేసి ఇస్తే చాలు. మా ఊళ్ళో నాలుగు ఆదివారాలు పట్టింది.

ఆ పిల్ల ఇప్పుడు బడి దాటి ఇంటర్ చదువుతోంది. సెలవులకు ఊరొస్తే పొద్దున్నే గ్రౌండుకు వచ్చి చిన్న పిల్లలకు రివర్స్ స్టిక్కు నేర్పుతోంది. మొన్న ఆరో తరగతి పిల్ల ఒకతి స్టిక్కు పట్టుకుని చేతులు విదిలించుకుంటుంటే, నేను చూసేలోపే ఆమె వెళ్ళి ఆ అరచేతులు తిప్పి చూసింది.